బెంగళూరు తెలుగు సీఎస్ 2 లీగ్: సగంలో ఆగిపోకుండా నడపాలంటే ఏం చేయాలి?

హిందూపురం_స్నైపర్

అందరికీ నమస్కారం. మారతహళ్ళి, బెల్లందూరు, బీటీఎం వైపు ఉండే తెలుగువాళ్ళం చాలామందిమి రాత్రిళ్ళు సీఎస్ 2 (కౌంటర్-స్ట్రైక్ 2, ఐదుగురేసి రెండు టీములు తలపడే షూటింగ్ గేమ్) ఆడుతున్నాం. నేనూ, మరో ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి లీగ్ పెడదామనుకుంటున్నాం. 10 నుంచి 12 టీములు వస్తాయని నమ్మకం ఉంది. వారానికి ఒక మ్యాచ్, అంతా ఆన్‌లైన్‌లోనే, చివర్లో ప్లేఆఫ్స్.

ఇదివరకు ఇలా మొదలైన లీగులు కొన్ని దగ్గర్నుంచి చూశాను. మొదటి వారం గ్రూపు మోత మోగిపోతుంది. మూడో వారానికి "బ్రో, మావాడొకడు ఊరెళ్ళాడు, వచ్చే వారం పెట్టుకుందామా" అని మొదలవుతుంది. ఐదో వారానికి పాయింట్ల పట్టిక ముట్టుకునేవాళ్ళు ఉండరు. ఫైనల్ జరగదు. ఈసారి అలా కాకూడదు. ఫార్మాట్, సర్వర్, రూల్స్, డబ్బు, దేని గురించైనా సరే, నడిపిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. మనిషికి 500 ఎంట్రీ ఫీజు పెట్టి, వచ్చినదంతా గెలిచిన టీముకి ఇచ్చేద్దామని ఒక ఆలోచన ఉంది.

లా_పాయింట్

మిగతావి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ 500 సంగతి. ఆ ఆలోచన ఇప్పుడే మానుకో తమ్ముడూ.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చింది. అందులో ఆటల్ని ఈ-స్పోర్ట్స్, సోషల్ గేమ్స్, మనీ గేమ్స్ అని విడగొట్టారు. డబ్బు కట్టి, గెలిస్తే డబ్బు వస్తుందన్న ఆశతో ఆడేది మనీ గేమ్. అది నైపుణ్యంతో ఆడేదా, అదృష్టంతో ఆడేదా అన్న తేడా ఇక్కడ చూడరు, కాబట్టి "మాది స్కిల్ గేమ్ కదా" అన్న వాదన నిలబడదు. నడిపినవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసినవాళ్ళకి రెండేళ్ళ దాకా, 50 లక్షల దాకా.

ఈ-స్పోర్ట్స్‌లో ఎంట్రీ ఫీజు, ప్రైజ్ మనీ రెండూ ఉండొచ్చని అదే చట్టం అంటోంది. కానీ ఆ ఫీజు పోటీలో చేరడానికి, నిర్వహణ ఖర్చులకి మాత్రమే. పైగా ఆ ఈ-స్పోర్ట్‌కి గుర్తింపు, రిజిస్ట్రేషన్ ఉండాలి. పీజీ రూముల్లోంచి నడిచే లీగ్‌కి ఆ రక్షణ దొరుకుతుందని నేను అనుకోను. అందరి దగ్గరా పోగుచేసి ఒకళ్ళకి ఇవ్వడం పందెంలాగే కనిపిస్తుంది.

ఇంకో మాట. కర్ణాటక 2021లో తెచ్చిన నిషేధాన్ని హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది. ఆ తీర్పు పట్టుకుని "బెంగళూరులో ఫర్వాలేదంట" అనేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. ఇప్పుడున్నది కేంద్ర చట్టం, దేశమంతా వర్తిస్తుంది. దానికి ముందే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద తమ చట్టాలు మార్చుకున్నాయి. మీ ఆటగాళ్ళలో సగం మంది పండక్కి ఊరెళ్ళి అక్కణ్ణుంచే లాగిన్ అవుతారు, అది కూడా గుర్తుపెట్టుకో.

ఫీజు పెట్టొద్దు. సర్వర్ ఖర్చు నిర్వాహకులే పంచుకోండి. ఏ కంప్యూటర్ షాపాయనో కీబోర్డో మౌసో ఇస్తానంటే తీసుకోండి, మెస్ నడిపే పెద్దాయన గెలిచిన టీముకి భోజనం పెడతానంటే ఇంకా సంతోషం. బెట్టింగ్ యాప్ వాళ్ళు బ్యానర్ వేసుకుంటామని వస్తారు. ఎంత ఇస్తామన్నా వద్దు. ఆట తయారుచేసిన వాల్వ్ కంపెనీకి టోర్నమెంట్ లైసెన్స్ నిబంధనలు విడిగా ఉన్నాయి, మొదలుపెట్టే ముందు అవి కూడా ఒకసారి పూర్తిగా చదువుకోండి.

హిందూపురం_స్నైపర్

థ్యాంక్స్ అన్నా. ఫీజు తీసేశాం. సర్వర్ ఖర్చు మేం ముగ్గురం పెట్టుకుంటాం.

చదరంగం64

నేను చెస్ టోర్నమెంట్లకి ఆర్బిటర్‌గా (రిఫరీగా) వెళ్తుంటాను. మా అబ్బాయి సీఎస్ ఆడతాడు, వాడే ఈ చర్చ చూపించాడు.

ఫార్మాట్ దగ్గర లెక్క వేసుకోకుండా దిగొద్దు బాబూ. అందరితో అందరూ ఆడాలంటే 10 టీములకి 45 మ్యాచ్‌లు, 9 వారాలు. 12 టీములైతే 66 మ్యాచ్‌లు, 11 వారాలు. దాని మీద ప్లేఆఫ్స్. మూడు నెలలపాటు వారం వారం ఐదుగురు ఉద్యోగస్థులకి ఒకే రాత్రి ఖాళీ దొరకాలి, బెంగళూరులో. అది జరగని పని. అదే 12 టీముల్ని ఆరేసి చొప్పున రెండు గ్రూపులు చేస్తే గ్రూపుకి 15, మొత్తం 30 మ్యాచ్‌లు, 5 వారాల్లో అయిపోతాయి. గ్రూపుకి రెండు టీములు సెమీస్‌కి, ఆపై ఫైనల్. ఏడు వారాల సీజన్.

16 టీములు వస్తే స్విస్ పద్ధతి గురించి ఎవరో ఒకరు చెబుతారు, కాబట్టి నేనే చెప్పేస్తాను. 1895లో జ్యూరిక్‌లో చెస్ కోసం మొదలైన పద్ధతి అది. సీఎస్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్లయిన మేజర్లలోనూ అదే వాడుతున్నారు. ఒకే స్కోరు ఉన్నవాళ్ళని ఒకరి మీదకి ఒకరిని వేస్తారు. మూడు గెలిస్తే ముందుకి, మూడు ఓడితే బయటికి. 16 టీములకి 33 మ్యాచ్‌లతో తేలిపోతుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ ఈ వారం ఫలితాలన్నీ వస్తే తప్ప వచ్చే వారం ఎవరితో ఎవరో వేయలేం. ఒక్క మ్యాచ్ వాయిదా పడితే 16 టీములూ ఆగిపోతాయి. ఒకే హాల్లో ఒకే రోజు ఆడేవాళ్ళకి అది సరిపోతుంది. ఇళ్ళల్లోంచి వారానికొకటి ఆడే మీకు గ్రూపులే మేలు, ఎందుకంటే మొత్తం షెడ్యూల్ మొదటి రోజే వేసి అందరి చేతిలో పెట్టొచ్చు.

షెడ్యూల్ వేయడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఆరు టీముల్ని పైన మూడు, కింద మూడు రాయండి. పైనా కిందా ఎదురెదురుగా ఉన్నవాళ్ళు ఆ వారం ప్రత్యర్థులు. మొదటి టీముని కదపకుండా మిగతా ఐదింటినీ గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో గడి జరపండి, రెండో వారం వస్తుంది. అలా జరుపుతూ పోతే ఐదో వారానికి అందరూ అందరితో ఆడేసి ఉంటారు.

వరంగల్_ఐజీఎల్

సార్ చెప్పిన ఫార్మాట్ మంచిగుంది. కానీ రూల్స్ దగ్గర నా మాట వినండి. మరీ టైట్‌గా పెట్టొద్దు. మేమంతా జాబ్స్ చేసుకుంటూ ఆడేవాళ్ళం. ఐదుగురిలో ఒకడు ఆన్-కాల్‌లో ఉంటాడు, అంటే ఆఫీసు ఎప్పుడు పిలిచినా పలకాలి. రాత్రి పదింటికి ప్రొడక్షన్ (కంపెనీ సిస్టమ్) పడిపోతుంది, వాడేం చేయాలి? 15 నిమిషాలు లేటయిందని ఎదుటివాళ్ళకి వాకోవర్ (ఆడకుండానే గెలుపు) ఇచ్చేస్తే ఆ టీము మళ్ళీ మీ మొహం చూడదు. ఎదుటి టీముకి ఓకే అయితే ఎన్నిసార్లైనా మార్చుకోనివ్వండి. ఇద్దరికీ ఇష్టమైనప్పుడు మధ్యలో అడ్మిన్‌కి ఏం ఇబ్బంది?

కోలార్‌వాడు

అన్నా, "ఎదుటి టీముకి ఓకే అయితే" అన్న ఆ ఒక్క మాట వల్లే నేను చూసిన లీగులన్నీ ఆగిపోయాయి. నేను ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, ఇంట్లో తెలుగు, బయట కన్నడం. కన్నడవాళ్ళ లీగ్ ఒకటి నడుపుతున్నాను. అక్కడ కూడా ఇదే గొడవ.

ఏం జరుగుతుందో చూడండి. "ఏ" అనే టీము వాయిదా అడుగుతుంది, "బీ" అనే టీము మర్యాదకి సరే అంటుంది. వచ్చే వారం బీకి రెండు మ్యాచ్‌లు. ఒకటి ఆడేసరికి వాళ్ళలో ఒకడికి ఆఫీసులో రిలీజ్ పడుతుంది, రెండోది మళ్ళీ వాయిదా పడుతుంది. ఇప్పుడు బీ వెళ్ళి సీని అడుగుతుంది. సీ కుదరదంటుంది. "మేం అందరికీ ఒప్పుకున్నాం, మాకు మాత్రం ఎవరూ ఒప్పుకోరా" అని గ్రూపులో మొదలవుతుంది. తప్పు ఎవరిదీ లేదు. మర్యాదగా ఉన్న టీము నష్టపోయింది, అంతే. ఆ టీమే మొదట వెళ్ళిపోతుంది, ఎందుకంటే టైముకి వచ్చే టీము అదే.

అందుకని "సరే" అనే అధికారాన్నే కెప్టెన్ల దగ్గర్నుంచి తీసేయాలి. మా దగ్గర నడుస్తున్న పద్ధతి ఇది. ప్రతి మ్యాచ్‌కి ముందే వేసిన ఒక రోజు, ఒక టైము ఉంటుంది. అదే వారంలో ఇంకో రోజుకి మార్చుకోవాలంటే ఇద్దరు కెప్టెన్లూ 48 గంటల ముందు మ్యాచ్ ఛానల్‌లో రాయాలి. వారం దాటించాలంటే ప్రతి టీముకీ సీజన్ మొత్తానికి ఒకే ఒక్క వాయిదా కార్డు. అది వాడితే ఎదుటివాళ్ళని బతిమాలక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. కానీ తర్వాతి ఆదివారం లోపు ఆడేయాలి. చివరి గ్రూపు వారంలో కార్డు చెల్లదు. కార్డు అయిపోయాక రాలేకపోతే వాకోవర్.

ఇది పెట్టాక వాదనలు ఎంత తగ్గాయో చెప్పలేను. ఊరెళ్ళాలా, పెళ్ళి ఉందా, ఆన్-కాలా, ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. కార్డు ఉందా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న.

ఆలస్యం సంగతి: 15 నిమిషాలు గ్రేస్. ఆ తర్వాత మ్యాప్ బ్యాన్‌లో (ఏ మ్యాప్, అంటే ఏ ఆట స్థలం, వద్దో చెప్పే వంతులో) మొదటి ఛాన్స్ ఎదుటివాళ్ళకి పోతుంది. 30 నిమిషాలకి మొదటి మ్యాప్ పోతుంది. నలుగురే ఉన్నా మొదలుపెట్టొచ్చు, ఐదోవాడు మధ్యలో వచ్చి చేరొచ్చు. ఒకడికి ప్రొడక్షన్ పడిపోయిందని మిగతా తొమ్మిదిమంది రాత్రి పాడవకూడదు.

వరంగల్_ఐజీఎల్

కార్డు ఐడియా నచ్చింది, కాదనను. కానీ సబ్‌స్టిట్యూట్లు ఇద్దరున్నా ఒక్కోసారి చాలరు. స్టాండ్-ఇన్ లిస్టు ఒకటి పెట్టండి. టీము దొరక్క సింగిల్‌గా ఉన్నవాళ్ళు మస్తు మంది ఉన్నారు. వాళ్ళ పేర్లు, రేటింగు ముందే రాసిపెడితే ఆన్-కాల్‌వాడి ప్లేస్‌లో ఒకడిని తెచ్చుకుంటాం. తీసేసినవాడి కంటే రేటింగ్ ఎక్కువ ఉండొద్దని కండిషన్ పెట్టండి. వాళ్ళకీ ఆట దొరుకుతుంది, మాకూ వాకోవర్ తప్పుతుంది.

కోలార్‌వాడు

ఇది చాలా మంచి మాట. మా లీగ్‌లో కూడా పెడతాను.

స్మోక్స్_సిరి

ఏ రోజు ఆడతారన్నది కూడా తేల్చండి. శుక్రవారం రాత్రి వద్దే వద్దు. సగం మంది మడివాళలోనో కేఆర్ పురంలోనో బస్సు కోసం నిలబడి ఉంటారు. శనివారం రాత్రి ఇంకొందరు సినిమాకి పోతారు. నా అనుభవంలో అందరూ రూముల్లో ఉండేది మంగళ, బుధవారాలే. రాత్రి పదింటికి మొదలుపెడితే ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరి, తిని కూర్చోవచ్చు. కానీ వీక్‌డేలో బెస్ట్ ఆఫ్ త్రీ (మూడు మ్యాప్‌లలో రెండు గెలిచినవాళ్ళదే మ్యాచ్) పెడితే పన్నెండు దాటుతుంది. మ్యాప్‌కి సుమారు 40 నిమిషాలు వేసుకోండి, ఓవర్‌టైమ్ వస్తే ఇంకా. గ్రూపు దశలో రెండు మ్యాప్‌లు ఆడించి ఆపేయండి. రెండూ గెలిస్తే 3 పాయింట్లు, చెరొకటి గెలిస్తే చెరో పాయింటు. పన్నెండు లోపు పడుకోవచ్చు. బెస్ట్ ఆఫ్ త్రీ ప్లేఆఫ్స్‌కి, ఆదివారం సాయంత్రాలకి ఉంచండి.

అసలు నేను రాయాలనుకున్నది వేరే. మా టీములో అమ్మాయిలం ఇద్దరం ఉన్నాం. ఓపెన్ మ్యాచుల్లో నేను మైక్ ఆన్ చేయడం మానేసి చాలా కాలమైంది. గొంతు వినగానే ఏం మొదలవుతుందో ఇక్కడ ఆడేవాళ్ళందరికీ తెలుసు. కాల్స్ ఇవ్వాల్సిన మనిషి మైక్ ఆపుకుని ఆడటమంటే చేతులు కట్టేసుకుని ఆడటమే. లీగ్ కావాలని మేం కోరుకునేది ట్రోఫీ కోసం కాదు, మైక్ ఆన్ చేసి ఆడగలిగే చోటు ఒకటి కావాలని.

కాబట్టి బూతుల గురించి, వెకిలి మెసేజ్‌ల గురించి రూల్స్‌లో స్పష్టంగా రాయండి. ఫిర్యాదు అందరూ ఉన్న ఛానల్‌లో పెట్టమనకండి. ఇద్దరు అడ్మిన్లకి విడిగా వెళ్ళాలి, వాళ్ళలో కనీసం ఒకరు అవతలి టీముకి ఫ్రెండ్ కాకూడదు. మ్యాచ్ అయ్యాక వచ్చే పర్సనల్ మెసేజ్‌లు కూడా లీగ్ పరిధిలోకే రావాలి. "అది మ్యాచ్ బయట జరిగింది కదా" అని చేతులు దులుపుకోవద్దు. శిక్ష మనిషికి వేయండి, వాడి బదులు సబ్‌స్టిట్యూట్ ఆడొచ్చు. టీము మొత్తానికి వేస్తే మిగతా నలుగురూ వాణ్ణి కాపాడటానికే చూస్తారు.

హిందూపురం_స్నైపర్

సిరి గారు, మీరు రాసిన నాలుగు పాయింట్లూ ఉన్నవి ఉన్నట్టు రూల్స్‌లోకి వెళ్తాయి. అడ్మిన్లలో ఒకరిగా మీరు ఉండగలరా? మీ టీము మ్యాచ్‌లకి సంబంధించినవి మిగతావాళ్ళు చూస్తారు.

స్మోక్స్_సిరి

ఉంటాను. బుధవారాలు మాత్రం మా మ్యాచ్ ఉంటే నన్ను పిలవకండి.

పీజీ_రూమ్_302

అన్నా నాదొక డౌట్. మా పీజీలో స్పీడ్ టెస్ట్ చేస్తే 100 వస్తుంది, పింగ్ (సర్వర్ దాకా వెళ్ళి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) కూడా 30 లోపే చూపిస్తుంది. అయినా రౌండ్ మధ్యలో మనుషులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎగిరిపోతున్నారు. కరెంటు పోతే ఇంకా టెన్షన్. ఇలాంటివాళ్ళం లీగ్‌లో ఆడొచ్చా?

కోలార్‌వాడు

ఆడొచ్చు తమ్ముడూ, కొంచెం పని చేసుకోవాలి.

స్పీడ్ నీ సమస్య కాదు. ఈ ఆటకి చాలా తక్కువ డేటా సరిపోతుంది. నువ్వు చూస్తున్నది ప్యాకెట్ లాస్ (డేటా దారిలో పోవడం), జిటర్ (పింగ్ నిలకడగా లేకపోవడం). పింగ్ నిలకడగా 35 ఉన్నా హాయిగా ఆడొచ్చు; 12, 90, 15, 140 అని ఎగిరితే ఆడలేం. పీజీలో గోడ గోడకీ ఒక రూటర్, అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీదే. ఆ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్ళు 1, 6, 11, మూడే మూడు. రాత్రి పదింటికి బిల్డింగంతా వీడియోలు చూస్తుంటే నీ ప్యాకెట్లు ఎక్కడో ఆగిపోతాయి. ఓనర్‌ని అడిగి రూటర్ నుంచి రూముకి కేబుల్ లాగించుకో. అది కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మారు, రూటర్ కనిపించే చోట కూర్చో. మార్చే ముందు ఒకసారి, మార్చాక ఒకసారి, రాత్రి పదింటికే ఓ ఐదు నిమిషాలు పింగ్ వదిలి చూడు. పగలు చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది.

సర్వర్ ఎక్కడన్నది కూడా ముఖ్యమే. వాల్వ్ సొంత సర్వర్లు ముంబైలో, చెన్నైలో ఉన్నాయి. మనకి చెన్నై దగ్గర. మన సొంత సర్వర్‌కి క్లౌడ్‌లో మెషిన్ అద్దెకి తీసుకోవచ్చు. ముంబై, చెన్నై, హైదరాబాద్ మూడింట్లోనూ పెద్ద కంపెనీల డేటా సెంటర్లు ఉన్నాయి. ఈ ఆట సర్వర్‌కి కోర్ల సంఖ్య కంటే ఒక్కో కోర్ వేగం ముఖ్యం. గంటల లెక్కన బిల్లు పడుతుంది కాబట్టి మ్యాచ్ రాత్రుల్లోనే ఆన్ చేయండి. ఒక్క జాగ్రత్త: వాల్వ్ అప్‌డేట్ వదిలిన రోజు ప్లగిన్లు తరచూ పనిచేయవు. సాయంత్రం ఏడింటికే సర్వర్ లేపి, ఒకళ్ళు లోపలికి వెళ్ళి, నైఫ్ రౌండ్ (ఎవరు ఏ వైపో తేల్చే కత్తుల రౌండ్) నుంచి పాజ్ దాకా అన్నీ నొక్కి చూడాలి. పదింటికి పదిమంది ఎదురుచూస్తుండగా చూస్తే లాభం లేదు.

సొంత సర్వర్ ఎందుకంటే కరెంటు కోసమే. ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో సాయంత్రం ఉరుములతో వాన పడిందంటే ఎక్కడో చోట కరెంటు పోతుంది. ఇలా ఊహించుకో. స్కోరు 11-9. నీ టీము బాంబు తీసుకుని లోపలికి దిగింది. నీ పేరు పక్కన డిస్‌కనెక్ట్ అని పడింది. పీజీ జనరేటర్ కొన్ని సెకన్లలోనే అందుకుంటుంది, కానీ రూటర్ మళ్ళీ లేచి లైన్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ప్రతి రౌండ్ మొదట్లో సర్వర్ ఒక బ్యాకప్ ఫైల్ రాసిపెట్టుకుంటుంది. దాన్ని లోడ్ చేస్తే డబ్బు, తుపాకులు, స్కోరు, అన్నీ ఆ రౌండ్ మొదట్లో ఎలా ఉన్నాయో అలా తిరిగొస్తాయి. నువ్వు వచ్చేదాకా పాజ్, తర్వాత రౌండ్ మళ్ళీ.

కానీ ఎప్పుడు వెనక్కి తీసుకెళ్ళాలన్నది రూల్‌గా రాసుకోకపోతే ఇదే పెద్ద గొడవ. ఓడిపోయే రౌండ్‌లో కేబుల్ పీకేస్తే? అందుకని మా రూల్ ఇది: ఎవరికీ ఒక్క బుల్లెట్ కూడా తగలకముందు పడిపోతే రౌండ్ వెనక్కి. ఒక్కరికి దెబ్బ తగిలినా రౌండ్ అలాగే సాగుతుంది, అది పూర్తయ్యాక పాజ్. టెక్నికల్ పాజ్ మ్యాప్‌కి టీముకి మొత్తం 10 నిమిషాలు. సర్వరే పడిపోతే మాత్రం అప్పటిదాకా ఏం జరిగినా రౌండ్ వెనక్కే.

రూటర్‌కి పెట్టుకునే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, అరచేతిలో పడతాయి. ల్యాప్‌టాప్‌లో ఆడేవాళ్ళకి అదొక్కటి ఉంటే చాలు, కరెంటు పోయిన సంగతి ఫ్యాన్ ఆగితే తప్ప తెలీదు.

పీజీ_రూమ్_302

చాలా థ్యాంక్స్ అన్నా. ఓనర్ అంకుల్‌ని కేబుల్ గురించి రేపే అడుగుతాను.

లా_పాయింట్

ఆటగాళ్ళకి 18 ఏళ్ళు నిండి ఉండాలని కూడా పెట్టండి. ఇంటర్ పిల్లలు చాలామంది బాగా ఆడతారని తెలుసు. కానీ అర్ధరాత్రి దాకా సాగే మ్యాచ్‌లకి పిల్లల బాధ్యత తీసుకునే స్థితిలో మీరు లేరు.

వరంగల్_ఐజీఎల్

చీటింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదేంది? నాకు వాల్‌హ్యాక్ (గోడల అవతలివాళ్ళని చూపించే దొంగ సాఫ్ట్‌వేర్) కంటే వేరేవాడి అకౌంట్‌తో ఆడేవాళ్ళతోనే ఎక్కువ బాధ. పేరు ఒకడిది, ఆడేది వాడి రూమ్మేట్, ఆ రూమ్మేట్ ప్రీమియర్‌లో (ఆటలోని ర్యాంకింగ్ మ్యాచుల్లో) పింక్ రేటింగ్, అంటే బాగా పై స్థాయి.

కోలార్‌వాడు

పేరు మీద కాకుండా స్టీమ్ ఐడీ (ఆట నడిచే స్టీమ్ అకౌంట్ నంబరు) మీద రిజిస్టర్ చేయండి. లిస్టులో లేని ఐడీ సర్వర్‌లోకే రాదు. ఐదుగురు ప్లస్ ఇద్దరు, రెండో వారం తర్వాత రోస్టర్ లాక్. స్టీమ్ ప్రొఫైల్ మీద వ్యాక్ బ్యాన్ (చీటింగ్‌కి వాల్వ్ వేసే నిషేధం) కనిపిస్తే అలాంటి అకౌంట్ వద్దు. కొత్తగా తెరిచిన అకౌంట్ అయితే ఇంకో ఇద్దరు కెప్టెన్లు "ఈ మనిషి మాకు తెలుసు" అని చెప్పాలి. అకౌంట్ తనదే, ఆడేది ఇంకొకడు అన్న కేసుకి వీడియో కాల్ ఒక్కటే మందు: అనుమానం ఉన్న టీము అడిగితే మ్యాచ్ ముందు అందరూ ఒక నిమిషం కెమెరా ఆన్ చేసి కనబడాలి. ఇబ్బందిగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది.

స్మోక్స్_సిరి

కెమెరా విషయంలో ఒక మార్పు. అది అడ్మిన్ ఒక్కరికే కనిపించాలి, అవతలి టీముకి కాదు. రికార్డు చేయకూడదు.

కోలార్‌వాడు

నిజమే అక్కా. అడ్మిన్‌కి మాత్రమే.

ఇక వాల్‌హ్యాక్ అనుమానాలు. సొంత సర్వర్‌లో ప్రతి మ్యాచ్ డెమో (ఆట రికార్డింగ్) మన దగ్గరే ఉంటుంది. ఫిర్యాదు చేసేవాళ్ళు 24 గంటల్లోపు, ఏ మ్యాప్‌లో ఏ రౌండో రాసి పంపాలి. "వీడు చీటర్ బ్రో" అన్న మెసేజ్ ఫిర్యాదు కిందికి రాదు. ఆ మ్యాచ్‌తో సంబంధం లేని ఇద్దరు డెమో చూసి చెబుతారు. ఒక్క రౌండ్ చూసి తీర్పు ఇవ్వకండి. ఒక్కోసారి ఎవడికైనా అదృష్టం కలిసొస్తుంది. గోడ వెనక కదిలేవాడి తల మీద గురి రౌండ్ తర్వాత రౌండ్ అంటుకునే ఉంటే అప్పుడు అడగాలి.

చదరంగం64

నేను మరో రెండు విషయాలు చెప్పాలి. సీజన్ మధ్యలో వీటికోసమే అందరూ కొట్లాడుకుంటారు.

ఒకటి, టీము మధ్యలో మానేస్తే. చెస్‌లో రౌండ్ రాబిన్‌కి (అందరితో అందరూ ఆడే పద్ధతికి) ఉన్న నియమం బాగా పనికొస్తుంది. సగం ఆటలు కూడా ఆడకుండా వెళ్ళిపోతే ఆ టీము ఫలితాల్ని తుది స్థానాల లెక్కలో కలపరు. సగమో అంతకంటే ఎక్కువో ఆడేసి వెళ్ళిపోతే ఆడినవి ఉంటాయి, మిగిలినవి ప్రత్యర్థులకి వాకోవర్. మీ గ్రూపులో ఐదు మ్యాచ్‌లు కాబట్టి మూడు ఆడారా లేదా అన్నది గీత.

రెండు, పాయింట్లు సమానమైతే. ముందు వాళ్ళిద్దరి మధ్య మ్యాచ్ చూడండి. అదీ చెరొకటి అయితే రౌండ్ల తేడా. ఇక్కడే చిక్కు. 13 రౌండ్లు గెలిస్తే మ్యాప్ గెలిచినట్టు కాబట్టి, వాకోవర్‌కి 13-0 అని రెండు మ్యాప్‌లకీ వేస్తే ఆ టీముకి ఆడకుండానే 26 రౌండ్ల లాభం. పక్క టీము చెమటోడ్చి 13-11, 13-10 తో గెలిస్తే ఐదే. కాబట్టి రౌండ్ల తేడా లెక్కేసేటప్పుడు వాకోవర్ మ్యాచ్‌లని పూర్తిగా పక్కన పెట్టాలి. పాయింట్లు ఇవ్వండి, రౌండ్లు ఇవ్వకండి.

గుంటూరు_క్లచ్

లీగ్ నడవాలంటే చూసేవాళ్ళు ఉండాలి. తెలుగులో కామెంటరీ నేను చెప్తాను, డబ్బులేం వద్దు. కానీ రెండు షరతులు.

అబ్జర్వర్ వేరే మనిషి ఉండాలి. ఎవరి కళ్ళతో చూపించాలి, ఏ మూల మీద కెమెరా పెట్టాలి అన్నది పూర్తి పని. నేనే మాట్లాడుతూ నేనే తిప్పితే రెండూ పాడవుతాయి. పదిమంది ఎక్కడున్నారో మ్యాప్ చూసి, ఇంకో నాలుగు సెకన్లలో ఎవరు ఎవరికి ఎదురుపడతారో ముందే పసిగట్టి ఆ మనిషి మీదకి వెళ్ళాలి. బాగా ఆడేవాడికంటే ఆట బాగా చూసేవాడు దీనికి సరిపోతాడు. అలాంటివాళ్ళు మీ టీముల్లో బెంచ్ మీద కూర్చుని ఉంటారు, అడగండి.

స్ట్రీమ్‌కి కనీసం 90 సెకన్ల డిలే పెట్టాలి. లేకపోతే ఒకడు పక్క ఫోన్‌లో స్ట్రీమ్ చూస్తూ అవతలివాళ్ళు ఎక్కడున్నారో చెప్పేస్తాడు.

కామెంటరీ భాష గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఎకో, క్లచ్, ఫ్లాష్, రొటేషన్, ఇవి అలాగే ఉంచుతాను, అందరికీ తెలిసినవే. కానీ వాక్యం తెలుగులో పరిగెత్తాలి. "ఒక్కడే మిగిలాడు, ఎదురుగా ముగ్గురు, బాంబు పెట్టేశారు, చేతిలో కిట్ లేదు, పది సెకన్లు కావాలి డిఫ్యూజ్‌కి!" ఇది వింటే ఆట తెలియని మా అమ్మ కూడా పని ఆపి చూస్తుంది. నాకు కావాల్సింది అదే. ఇంగ్లీష్ క్యాస్టర్లని అనుకరిస్తూ సగం సగం మాట్లాడితే ఊళ్ళో మనవాళ్ళు రెండు నిమిషాలు కూడా చూడరు.

వరంగల్_ఐజీఎల్

నువ్వు చెప్తుంటేనే చూడాలనిపిస్తుంది భయ్యా. మా టీములో ఆరోవాడు అబ్జర్వింగ్‌కి రెడీ, రేపు మాట్లాడిస్తా.

పీజీ_రూమ్_302

చిన్న ప్రశ్న. మా పీజీలో కింద ఫ్లోర్ వాళ్ళు బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే బ్యాటిల్ రాయల్ గేమ్) ఆడతారు. వాళ్ళకి కూడా ఇలాంటిది పెట్టొచ్చా?

కోలార్‌వాడు

పెట్టొచ్చు, కానీ అది వేరే పని. 16 టీములు ఒకే లాబీలో దిగుతాయి కాబట్టి వాయిదా అన్న మాటే ఉండదు, వచ్చినవాళ్ళతో ఆట నడుస్తుంది. మొదటి ఎనిమిది స్థానాలకి 10, 6, 5, 4, 3, 2, 1, 1 పాయింట్లు, ప్రతి ఫినిష్‌కి (ప్రత్యర్థిని పడగొట్టి బయటికి పంపినందుకు) ఒకటి. ఒక రాత్రిలో నాలుగైదు మ్యాచ్‌లు వేసి మొత్తం కూడితే సరి. సీఎస్‌తో కలిపి ఒకే అడ్మిన్లు నడపాలని మాత్రం చూడకండి.

హిందూపురం_స్నైపర్

రాత్రి కూర్చుని రూల్స్ మొత్తం రెండు పేజీల్లో రాస్తున్నాం. ఒకటే సందేహం మిగిలింది. దసరా అయ్యాక మొదలుపెట్టి సంక్రాంతి లోపు ముగించాలి. మధ్యలో దీపావళి వారం వదిలేయాలా, లేక కార్డులు వాడుకోమనాలా?

స్మోక్స్_సిరి

వదిలేయండి. అందరికీ ఒకేసారి వచ్చే సెలవుకి కార్డు ఖర్చుపెట్టించకూడదు. ఊళ్ళో నెట్ ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు, పైగా ఇంటికి వెళ్ళి గదిలో తలుపేసుకుని మ్యాచ్ ఆడితే ఇంట్లోవాళ్ళు బాధపడతారు.

చదరంగం64

షెడ్యూల్‌లోనే ఆ వారాన్ని ఖాళీ అని రాసేయండి. ప్లేఆఫ్స్‌కి ముందు మరో ఖాళీ వారం కూడా పెట్టండి. వాయిదా పడినవన్నీ ఆడేయడానికి అది పనికొస్తుంది. రెండూ కలిపితే తొమ్మిది వారాలు, సంక్రాంతికి చాలా ముందే అయిపోతుంది.

హిందూపురం_స్నైపర్

సరే సార్, అలాగే చేస్తాం. కెప్టెన్లు టీము పేరు, ఏడుగురి స్టీమ్ ఐడీలు, ప్రీమియర్ రేటింగులు నాకు పర్సనల్ మెసేజ్ పెట్టండి. ఫోన్ నంబర్లు ఇక్కడ రాయకండి. స్టాండ్-ఇన్‌గా ఆడాలనుకునేవాళ్ళు కూడా ఐడీ, రేటింగ్ పంపి, వారంలో ఏ రాత్రులు ఖాళీయో రాయండి.

పీజీ_రూమ్_302

అన్నా, మా టీములో ఇద్దరు హైదరాబాద్‌లో ఉంటారు. ఫర్వాలేదా?

హిందూపురం_స్నైపర్

ఫర్వాలేదు తమ్ముడూ. శనివారం రాత్రి పదింటికి టెస్ట్ సర్వర్ ఆన్ చేస్తున్నాం, ఆ ఇద్దరినీ లోపలికి వచ్చి పింగ్ ఎంత వస్తుందో చూసి చెప్పమను.